మట్టిలో మనోభావము: శిల్పాచార్య దేవీప్రసాద్ రాయ్ చౌధురీ

బెంగళూరు కబ్బన్ తోటలో సాయంకాలము నడచువారందరికీ విక్టోరియా రాణి పాలరాతి విగ్రహము తెలిసినదే. 1906లో దానిని నెలకొల్పినారు. హైకోర్టు ఎదుట చాలకాలము నిలిచి, 2020లో తోటలోనికి మారిన మార్క్ కబ్బన్ దొరగారి అశ్వారూఢ విగ్రహము కూడ మనకు సుపరిచితమే. మద్రాసుకు పోయినచో అక్కడ సర్ థామస్ మన్రో గుర్రముపై దర్శనమిచ్చును. ఆయన దత్తమండలముల రైతులు మండ్రోలయ్య అని ప్రేమతో పిలుచుకొన్న దొర. ఈ విగ్రహములన్నిటిలో ఒక సామాన్య లక్షణము గలదు. ఎత్తైన పీఠముపై నిలిచినవారు రాజులు, రాణులు, పాలకులు. క్రింద నిలిచి తల ఎత్తి చూచువారు ప్రజలు.

1959 జనవరి 25వ తేదీన మద్రాసు సముద్రతీరమున ఈ ఆనవాయితీ తప్పినది. ఆ దినమున పీఠమెక్కినవారు నలుగురు కూలీలు. వారికి పేర్లు లేవు, బిరుదులు లేవు, ఒంటిమీద సరిగా బట్టలైనను లేవు. ఒక పెద్ద బండను కదలించుటకు తమ బలమంతయు కూడగట్టుచున్న మనుష్యులు. దానికి శ్రమ విజయము అని పేరు. దానిని మలచినవారు శ్రీ దేవీప్రసాద్ రాయ్ చౌధురీ గారు. వారు జమీందారీ వంశమున పుట్టి, ఆంగ్లప్రభుత్వ కొలువులో ఉన్నతపదవి నిర్వహించి, కడకు శ్రమజీవి వీపును మట్టిలో చదివిన మహాశిల్పి. వారి జీవితమును, మనస్సులోని భావమును మట్టిలోనికి తెచ్చిన వారి మార్గమును మన సంచిక చదువరులకు సంగ్రహముగా తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జననము, విద్య

దేవీప్రసాద్ గారు 1899 జూన్ 15వ తేదీన అవిభక్త వంగదేశమున రంగపురము జిల్లా తాజ్‌హాట్‌లో జన్మించినారు. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. వారి కళావిద్య ముగ్గురు గురువుల వద్ద మూడు త్రోవలలో సాగినది. చిత్రలేఖనము నేర్పినవారు అవనీంద్రనాథ ఠాకూర్ గారు. ఆయన నాడు వంగదేశమున స్వదేశీ చిత్రకళకు మూలపురుషులు. మొగలాయి, రాజపుత్ర సంప్రదాయముల సౌకుమార్యమును మరల వెలికి తెచ్చినవారు. సజీవమైన మనిషిని ఎదుట నిలిపి చూచి గీయు పాశ్చాత్య పద్ధతిని దేవీప్రసాద్ గారు ఒక ఇటలీ దేశపు చిత్రకారుని వద్ద అభ్యసించినారు. మట్టితో రూపము మలచుట నేర్పినవారు హిరణ్మయ రాయ్ చౌధురీ గారు.

ఈ మూడు త్రోవలు ఒకదానికొకటి పొసగునవి కావు. అవనీంద్రుల చిత్రములలో మనిషికి బరువు తక్కువ. పల్చని రంగులలో, కలలోనివలె తేలుచుండును. పాశ్చాత్య శిల్పమున బరువే ప్రధానము. ఎముక ఎక్కడ ఉన్నది, కండ ఎక్కడ బిగిసినది, కాలు నేలను ఎట్లు త్రొక్కినది అను విచారమే అధికము. చిత్రములు వేయునప్పుడు దేవీప్రసాద్ గారు గురువుగారి మార్గమును చాలవరకు పాటించినారు. మట్టి చేతబట్టినప్పుడు మాత్రము రెండవ మార్గమునే పట్టినారు. ఫ్రాన్సు దేశపు శిల్పి రోడాఁ చూపిన త్రోవ వారికి నచ్చినది. శిల్పము పైభాగమును అద్దమువలె నునుపు చేయక, చేతి ఒత్తిడి కనబడునట్లు గరుకుగా విడిచి, వెలుగునీడలతో ప్రాణము పోయుట ఆ త్రోవ.

బెంగళూరు వారికి ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. కస్తూరిబా రోడ్డులో ఏ మహనీయుని పేరిట చిత్రశాల వెలసినదో, ఆ కె. వెంకటప్ప గారు కూడ అవనీంద్రనాథ ఠాకూర్ గారి శిష్యులే. మైసూరు సంస్థానము వారి ప్రోత్సాహముతో కలకత్తా పోయి చదివి, చిత్రములతోపాటు ప్లాస్టరుతో ఉబ్బెత్తు శిల్పఫలకములను గూడ చేసి, చివరిదినములు బెంగళూరులో గడపి 1965లో కాలధర్మము నొందినారు. ఒకే గురుకులమునుండి వచ్చిన ఇద్దరు దక్షిణదేశమున రెండు భిన్నమార్గములు పట్టినారు. వెంకటప్ప గారిది ఏకాంతము. దేవీప్రసాద్ గారిది నడివీధి.

మద్రాసు కళాశాలలో

1929లో దేవీప్రసాద్ గారు మద్రాసు ప్రభుత్వ కళాపాఠశాలకు అధిపతిగా వచ్చినారు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు స్థాపించిన ఆ పాఠశాలకు అంతవరకు అధిపతులుగా ఉన్నవారు ఆంగ్లేయులే. ఆ పీఠమున కూర్చున్న మొదటి భారతీయుడు దేవీప్రసాద్ గారు. అప్పటివరకు అచ్చట లోహపు పని, కొయ్యపని, కుండలు, నగలు మొదలగు చేతిపనులకే ప్రాధాన్యము. వీరు వచ్చిన తరువాత చిత్రలేఖనమునకు, శిల్పమునకు పెద్దపీట వేసినారు. సజీవమైన మనుష్యుని ఎదుట నిలిపి అభ్యసించుట, ఆరుబయట కూర్చుండి ప్రకృతిని చిత్రించుట విద్యార్థులకు అలవాటైనది.

1957 వరకు, దాదాపు 28 సంవత్సరములు, వారు ఆ బాధ్యతను వహించినారు. 1953 వరకు ఆంధ్రప్రాంతమునకు కూడ మద్రాసే రాజధాని గనుక తెలుగు బిడ్డలెందరో వారి వద్ద శిక్షణ పొందినారు. విజయనగరమునకు వన్నె తెచ్చిన అంట్యాకుల పైడిరాజు గారు, జానపద రీతిలో చిత్రములు వేసి పేరొందిన కె. శ్రీనివాసులు గారు అట్టివారు. శిల్పి ప్రదోష్ దాస్ గుప్తా, ఎస్. ధనపాల్, చిత్రకారులు కె.సి.ఎస్. పణిక్కర్, పరితోష్ సేన్ మొదలగువారు కూడ వీరి శిష్యులే. ఈ పేర్లలో ఏ ఇద్దరి కళయు ఒకటి కాదు, గురువుగారి కళవంటిదియు కాదు. శిష్యుడు తన ప్రతిబింబము కారాదని తలచిన గురువునకే ఇది సాధ్యము.

వారి స్వభావము బహుముఖమైనది. కుస్తీ పట్టెడివారు. వేణువు వాయించెడివారు. వంగభాషలో కథలు వ్రాసి రచయితగా పేరు పొందినారు. వారి కుమారుడు భాస్కర్ అమెరికాలో నర్తకుడుగా కీర్తి గడించినాడు. వారికి వేట వ్యసనముండెడిదని కూడ చెప్పక తప్పదు. అహింసను ప్రథమ ధర్మముగా ఎంచు మన కుటుంబములకు అది రుచింపని విషయము. అయినను మహనీయుల చరిత్ర చెప్పునప్పుడు మనకు నచ్చిన భాగమునే ఏరి చెప్పుట న్యాయము కాదు. తుపాకి పట్టిన ఆ చేయియే మట్టి పట్టినప్పుడు ఇతరుల బాధను అంత సూక్ష్మముగా గ్రహించినది.

మట్టి పని ఎట్టిది

రాతిశిల్పి పని తీసివేయుట. బండలో అక్కరలేని భాగమును చెక్కివేయగా రూపము మిగులును. ఒకసారి చెక్కినది మరల అతుకదు. మట్టిశిల్పి పని చేర్చుట. మొదట ఇనుపకడ్డీలతో, కొయ్యతో, తీగతో ఒక అస్థిపంజరము కట్టును. దానిపై బంకమట్టి ముద్దలను బొటనవ్రేలితో ఒత్తుచు పోవును. నచ్చనిచో తీసివేయును, మరల చేర్చును. రాత్రివేళ తడిగుడ్డ కప్పి మట్టి ఎండిపోకుండ కాపాడును. లోపలి చట్రములో వంపు తప్పినచో పైన ఎంత మట్టి మెత్తినను బొమ్మ నిలువదు. బరువుకు ఒరిగి కూలును.

రూపము సిద్ధమైన పిమ్మట దానిపై ప్లాస్టరు పోసి అచ్చు తీయుదురు. అచ్చు తీయునప్పుడు లోపలి మట్టి తవ్వి పారవేయవలసినదే. ఆ ఖాళీ అచ్చులో మరల ప్లాస్టరు పోసి బొమ్మను తీసి, దానినిబట్టి కంచు పోత పోయుదురు. అనగా శిల్పి నెలలకొలది ఏ మట్టిపై కష్టపడినాడో ఆ మట్టి ఎవరికిని మిగులదు. మిగులునది దానిపై అతని వ్రేళ్లు చేసిన ఒత్తిడి మాత్రమే. దేవీప్రసాద్ గారి కంచు విగ్రహములను దగ్గరగా చూచినవారికి నేటికిని ఆ ఒత్తిళ్లు గోచరించును. నునుపైన కంచులో ఆ జీవము ఉండదు.

మన శ్రావణబెళగొళ గోమటేశ్వరుని తలచుకొన్నచో ఈ రెండు మార్గముల భేదము స్పష్టమగును. పదవ శతాబ్దమున చావుండరాయలు చెక్కించిన ఆ 57 అడుగుల మూర్తిలో ఏ కండయు బిగిసియుండదు. పాదములను పుట్టలు, చేతులను తీగెలు చుట్టుకొన్నను దేహమున చలనము లేదు. రాగద్వేషములు శమించిన స్థితికి అది రూపము. అచ్చట కదలిక లేకపోవుటయే భావము. దేవీప్రసాద్ గారు మలచినది ఇంకను బాధలోను, పనిలోను, పోరాటములోను ఉన్న సామాన్య మానవుని. అతనికి శాంతి ఇంకను లభింపలేదు. అందుచేత అతని దేహమున ప్రతి కండయు ఏదో ఒక బరువును మోయుచునే ఉండును.

భావము ముఖములో కాదు, మేనిలో

భావమనగానే మనకు ముఖమే స్ఫురించును. కన్నీరు, చిరునవ్వు, ముడిపడిన కనుబొమలు. నాటకములలోను, సినిమాలలోను మనము చూచునది ఇదే. దేవీప్రసాద్ గారి శిల్పములలో ముఖము ఆఖరున మాట్లాడును. ముందుగా మాట్లాడునవి వీపు, భుజములు, పిక్కలు, పాదములు.

చిక్కపేటలో బట్టల మూటలు దింపు హమాలీని మన వర్తకులందరు ప్రతిదినము చూచుచునే ఉన్నారు. మూట బరువు మనకు త్రాసు చెప్పును. త్రాసు లేకున్నను ఆ మనిషి మెడ వంగిన తీరు, మోకాలు మడచిన తీరు చూచి అనుభవజ్ఞుడైన వర్తకుడు బరువును ఇంచుమించుగా చెప్పగలడు. దేవీప్రసాద్ గారి కన్ను అటువంటిది. బరువు ఎంత అని బండను చూచి కాక, దానిని మోయు దేహమును చూచి తెలిసికొన్నారు. కుస్తీ పట్టిన మనిషి గనుక ఏ పట్టుకు ఏ కండ ఎదురు నిలుచునో వారికి తమ ఒంటిమీదనే తెలిసియుండునని తోచును.

శ్రమ విజయమునందు నలుగురు మనుష్యులున్నారు. నలుగురును ఒకే పని చేయుచున్నను ఏ ఇద్దరి దేహభంగిమయు ఒకటి కాదు. చూచువానికి కండలు కదలుచున్నట్లే తోచును. బండ ఇంకను కదలలేదు. కదలబోవు క్షణము అది. పని పూర్తియైన తరువాతి సంతోషమును కాక, పూర్తియగునో కాదో తెలియని ఆ నడిమి క్షణమును శిల్పి ఎన్నుకొన్నారు. అయినను దానికి విజయము అని పేరు పెట్టుటలో వారి అభిప్రాయమంతయు ఉన్నది. ఈ శిల్పమునకు నమూనాలుగా నిలిచినవారిలో కళాశాల రాత్రి కావలివాడు ఒకడు, విద్యార్థి ఒకడు. భారతదేశమున మొదటి మే దినోత్సవము 1923లో సింగారవేలు చెట్టియార్ గారి ఆధ్వర్యమున మద్రాసు సముద్రతీరముననే జరిగినది. అదే తీరమున 36 సంవత్సరములకు ఈ విగ్రహము నిలిచినది. తరువాతి కాలమున అచ్చట కార్మికులు మే దినమును జరుపుకొనుట ఆనవాయితీ అయినది.

1943 నాటి వంగదేశపు కరవు వారిని కలచివేసినది. ఆకలి బాధితులను గూర్చి వారు చేసిన కంచు శిల్పము ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరమున ఉన్నది. శ్రమ విజయములో నిండిన కండలు ఎంత మాట్లాడునో, ఇచ్చట కండలు లేని ఎముకలు అంత మాట్లాడును. అదే శిల్పి, అదే మార్గము. ఒకచోట బలము, ఒకచోట బలహీనత.

పాట్నా వీరులు

1942 ఆగస్టు 11వ తేదీన పాట్నా సచివాలయముపై జాతీయ జెండాను ఎగురవేయబోయిన విద్యార్థులు ఏడుగురు పోలీసు కాల్పులలో ప్రాణములర్పించినారు. స్వాతంత్ర్యము వచ్చిన 1947 ఆగస్టు 15వ తేదీననే వారి స్మారకమునకు శంకుస్థాపన జరిగినది. విగ్రహములు చేయు భారము దేవీప్రసాద్ గారిపై పడినది. 1956 అక్టోబరులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ గారు దానిని ఆవిష్కరించినారు.

ఇది కష్టమైన పని. పిల్లల మరణమును చూపినచో చూచువారు ఏడ్చి పోవుదురు. వీరత్వమునే చూపినచో అది నాటకపు బొమ్మ అగును. శిల్పి ఏడుగురిని ఒకే కదలికగా కూర్చినారు. ముందున్నవారు ముందునకే సాగుచున్నారు. తూటా తగిలినవారు ఒరిగిపోవుచున్నారు, నేలకు వాలుచున్నారు. జెండా మాత్రము క్రింద పడలేదు. పడుచున్న దేహమునకు, నడచుచున్న దేహమునకు నడుమ ఉన్న ఆ కొద్దిపాటి ఎడములోనే శోకము, ధైర్యము రెండును ఇమిడియున్నవి. ఏ ఒక్క ముఖమును విడిగా చూడనక్కరలేదు.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. 1937లో ఆంగ్లప్రభుత్వము వీరికి ఎం.బి.ఇ. బిరుదమునిచ్చి గౌరవించినది. ఆ ప్రభుత్వపు కొలువులోనే వారు జీతము తీసికొన్నారు. అదే ప్రభుత్వపు తూటాలకు నేలకొరిగిన బాలుర రూపములను కడకు వారి చేతులే మలచినవి. కలకత్తాలో సురేంద్రనాథ బెనర్జీ, అశుతోష్ ముఖర్జీ మొదలగు పెద్దల విగ్రహములు కూడ వారివే. అయితే పెద్దల విగ్రహములలో పోలిక ముఖ్యము. పోలిక కుదిరినచో చేయించినవారు సంతసింతురు. పాట్నాలోను, మద్రాసు తీరములోను వారికి పోలిక అను కట్టుబాటు అంతగా లేదు. అందుచేతనే వారి మనస్సు అచ్చట స్వేచ్ఛగా పలికినదని చెప్పవచ్చును.

నడచు గాంధీజీ

1959లోనే మద్రాసు తీరమున వారు చేసిన మహాత్మాగాంధీ విగ్రహమును ప్రధాని నెహ్రూ గారు ఆవిష్కరించినారు. చేత కర్ర, ముందునకు పడిన అడుగు. గాంధీజీ దేహమున శ్రమ విజయపు కూలీలకున్న కండలు లేవు. ఆ బక్కపలుచని దేహమునకు బలమెక్కడినుండి వచ్చినది అను ప్రశ్నకు శిల్పి సమాధానము ఆ అడుగే. శరీరబలము లేనిచోట సంకల్పబలమును చూపుటకు వారు నడకనే సాధనముగా గ్రహించినారు.

చివరి సంవత్సరములలో వారు చేపట్టిన మహాకార్యము దండి యాత్ర. 1930 మార్చి 12న సబర్మతినుండి బయలుదేరి ఏప్రిల్ 6న దండి తీరమున ఉప్పు తీసిన ఆ యాత్ర, వ్యాపారము తెలిసిన మనకు మరింత బాగుగా బోధపడవలెను. రెండు పూటల భోజనములో ప్రతి పేదవాడును వాడు ఉప్పుపై పన్ను కట్టనిరాకరించుటయే ఆ ఉద్యమము. ముందు గాంధీజీ, వెనుక వివిధ మతముల, ప్రాంతముల, వయస్సుల స్త్రీపురుషులు పదిమంది. మొత్తము పదునొకండు మూర్తులు. ఈ శిల్పము పూర్తియై నిలుచుట చూచు భాగ్యము వారికి కలుగలేదు. 1975 అక్టోబరు 15వ తేదీన వారు పరమపదించినారు. వారు పోయిన తరువాతనే అది ఢిల్లీలో సర్దార్ పటేల్ మార్గమున వెలసినది. ప్రజలు దానిని గ్యారహ్ మూర్తి అని పిలుచుకొందురు.

ఢిల్లీ చూడనివారు కూడ ఈ శిల్పమును ఎరుగుదురు. 1990 దశకము చివర వచ్చిన మహాత్మాగాంధీ వరుసలోని 500 రూపాయల నోటు వెనుక ముద్రించిన దండి యాత్ర బొమ్మ ఈ శిల్పమును పోలినదే. 2016 నవంబరులో ఆ నోట్లు రద్దగువరకు మన గల్లాపెట్టెలలో ప్రతిదినము కట్టలుకట్టలుగా చేతులు మారినవి. లెక్కించిన చేతులెన్నో. అందులో నడచుచున్న మనుష్యులు ఎవరి మట్టిముద్దలనుండి పుట్టినారో తలచినవారు అరుదు.

గౌరవములు, విమర్శలు

1954లో లలితకళా అకాడమీ స్థాపింపబడినప్పుడు వీరే మొదటి అధ్యక్షులు. 1958లో పద్మభూషణ్, 1962లో అకాడమీ ఫెలోషిప్ లభించినవి.

విమర్శలు కూడ లేకపోలేదు. దేశము స్వతంత్రమైన పిమ్మట యువకళాకారులు కొత్తదారులు వెదకినారు. మనిషిని ఉన్నది ఉన్నట్లు మలచుట పాశ్చాత్య పాఠశాలల పాతపద్ధతియనియు, భారతీయమైన రేఖ, సంకేతము వేరుగా ఉండవలెననియు వారి వాదము. 1957లో వీరి తరువాత కళాశాల పీఠమెక్కిన శిష్యులు పణిక్కర్ గారే ఆ కొత్తమార్గమునకు నాయకులైనారు. 1966లో మద్రాసు సమీపమున చోళమండల కళాకారుల గ్రామము ఏర్పడినది. గురువుగారి త్రోవ పాతబడినదని పలువురు తలచినారు. గురువుగారు మాత్రము తమ త్రోవ విడువలేదు. మనిషి దేహమున చెప్పవలసినది ఇంకను మిగిలియున్నదని వారి విశ్వాసమై ఉండును. దండి యాత్ర అందుకు నిదర్శనము.

శిల్పవిమర్శకులలో వాదములు వచ్చుచుండును, పోవుచుండును. మే దినమున శ్రమ విజయము పాదముల చెంత చేరు కార్మికునకు ఆ వాదములతో పని లేదు. పీఠముపై ఉన్నది తన వీపే అని అతనికి తెలియును. ఒక శిల్పికి ఇంతకంటె అధికమైన పరీక్ష లేదు.

మన కుటుంబములవారు పెండ్లిపనులకో, వ్యాపారపనులకో బెంగళూరునుండి చెన్నపట్టణము పోవుచునే యుందురు. పోయినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని సముద్రతీరమున ఆ నలుగురు కూలీల వద్ద కొంతసేపు నిలువవలెనని మనవి. ముందునుండి కాక ప్రక్కనుండి, వెనుకనుండి చూడవలెను. తిరిగి వచ్చిన మరునాడు అంగడి ముందు మూట దింపు మనిషి వీపును పిల్లలు కొంచెము వేరుగా చూచినచో, ఆ మూట దింపుటకు తామును ఒక చేయి వేసినచో, దేవీప్రసాద్ గారు మట్టిలో పడిన శ్రమ మన ఇండ్లలో కూడ ఫలించినట్లే.